బట్ తర్వాత వచ్చేది

తెలియక తిన్నాను, బట్... ఊహూ, అలా కాదు. తిన్నాను, బట్ తెలియక. ఇదీ బాగాలేదు. పొద్దుటి పాసింజరు ఏలూరు స్టేషను గేటయినా దాటకముందే లక్ష్మీకాంతం మనసులో రెండు వాక్యాలు రాసి రెండూ కొట్టేసింది. ఆడపిల్లల హైస్కూల్లో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెబుతున్న మనిషి. మనం కాని అనీ, అయినా అనీ సరిపెట్టుకునే చోట ఇంగ్లీషువాడు బట్ అనీ ఆల్దో అనీ యెట్ అనీ స్టిల్ అనీ హౌవెవర్ అనీ ఎన్ని మాటలు పోగేసుకున్నాడో, ఏది ఎక్కడ పొసుగుతుందో, నిద్రలో లేపి అడిగినా గడగడా చెబుతుంది. అంత మనిషికీ ఇవాళ ఒక్కటంటే ఒక్క వాక్యం కుదరడం లేదు. తాడేపల్లిగూడెంలో బండి ఆగేసరికి అది కుదరాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద రామకోటి నిలబడి ఉంటాడు. ఆయన పంపిన చేపని ఆమె తినేసింది. తినడమంటే ఆయన్ని చేసుకోవడానికి ఒప్పుకోవడమని ఇవాళ తెల్లవారిందాకా ఆమెకి తెలియదు.

గంప దించుతూ చేపలమ్మే మంగమ్మ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. పోయిన ఆదివారం మట్టికుండలో నీళ్లు పోసి, బతికున్న కొర్రమేనుని అందులో వేసి, "రామకోటిగారు పంపారండి" అని అరుగు మీద పెట్టిపోయింది ఈ మంగమ్మే. పరీక్ష రాసి వచ్చిన శిష్యుడు కృతజ్ఞత కొద్దీ పంపాడనుకుంది లక్ష్మీకాంతం. ఇంటావిడ వెంకటనరసమ్మగారు ఏమీ అనుకోలేదు, అనుకునే తీరికా లేదావిడకి, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టేసింది. ఇవాళ తెల్లారగట్ల మంగమ్మ వచ్చి, "పులుసు బాగా కుదిరిందంటగదండీ! పెరట్లో ముళ్లు చూసి నేనే మా లంకలో చెప్పేశానండి" అని ఇంత మొహం చేసుకుని నవ్వింది. చెప్పడానికి ఏముందని అడిగితే ముక్కు మీద వేలేసుకుంది. "అయ్యో, మీకు తెలవదాండీ? మా లంకలో మనువు అడగాలంటే నోటితో అడగరండి. కొర్రమేనుని బతికుండగా పంపుతారండి. ఇష్టమైతే ఆ పూటే వండుకు తింటారు. లేపోతే కాలవలో వదిలేసి ఉత్త కుండ తిరిగి పంపుతారండి. ఆయ్, అంతేనండి." నోరు పెట్టి కాదంటే ఆ మాట జన్మంతా ఉండిపోతుందని, చేపయితే నీళ్లలో పడి పోతుందని కాబోలు, ఎవరో మర్యాదస్తుడు పెట్టిన ఆచారం. ఉత్త కుండ ఇంకా పెరట్లో తులసికోట పక్కనే ఉంది, వెంకటనరసమ్మగారు అందులో తవుడు పోసుకుంది.

ఎంత మర్యాదైన ఆచారమైనా తెలిసినవాళ్లకి కదా. రెండు ముక్కలు తింది తను. మూడోది కూడా వేయించుకుంది, అబద్ధమెందుకు. ఇంట్లో అమ్మ బతికున్నన్నాళ్లూ తనకి నీచు వండిన గిన్నె తాకే వీల్లేదు. పన్నెండేళ్లకే భర్త పోయిన పిల్ల, పక్క పీట మీద అన్నయ్య జగ్గారావు చేపముక్క ముళ్లు తీసుకుంటూ ఉంటే, తను చారూ అన్నం తింటూ ఆ వాసన పీల్చేది. పీల్చడం కూడా తప్పేమోనని భయపడేది. ఏలూరు వచ్చి ఈ వాటాలో దిగిన మొదటి వారం వెంకటనరసమ్మగారు, తనూ భర్త పోయినావిడే, కంచంలో ముక్క వేసేసి, "ఎవడు చూడొచ్చాడమ్మా, తిను" అంది. ఆ పూట తిన్నది రుచిగా ఉందో లేదో గుర్తులేదు, ఏడుపు మాత్రం బాగా వచ్చింది. నుదుటికి బొట్టు తిరిగి రాలేదు గాని నాలిక్కి చేప తిరిగి వచ్చింది. ఇదుగో, ఇప్పుడిలా మెడకి చుట్టుకుంది.

దెందులూరులో బండి ఆగింది. ఎదుటి బల్ల మీద పెద్దావిడ ఒకామె మూట విప్పి, కూతురి పురిటికి నిడదవోలు వెళ్తున్నానని, తన పేరు వరమ్మ అని, పిల్లకి ఇది రెండో కాన్పని, అడక్కుండానే చెప్పి తాటిబెల్లం ముక్క చేతిలో పెట్టింది. లక్ష్మీకాంతం, నేనూ నిడదవోలేనండీ, పరీక్ష పేపర్లు దిద్దడానికండీ అని చెప్పి కిటికీ వైపు తిరిగింది. బెల్లం నోట్లో కరుగుతోంది. మీరు చాలా మంచివారు, బట్. ఆ బట్ అనగానే అవతలి మనిషికి తెలిసిపోతుంది. క్లాసులో పిల్లలకి తను చెప్పే మొదటి సంగతి అదే. బట్‌కి ముందు ఎంత పొగడ్త పెట్టినా వినేవాడు గుర్తుంచుకునేది తర్వాత వచ్చేదాన్నే. పిల్ల తెల్లగా ఉంటుంది బట్ పొట్టి అంటే సంబంధం తప్పినట్టే, పిల్ల పొట్టి బట్ తెల్లగా ఉంటుంది అంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టే. ఉన్నవి అవే రెండు సంగతులు. పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఆయన మంచివాడు, బట్ వేరే కులం. ఆయనది వేరే కులం, బట్ మంచివాడు. రాళ్లు చక్రాల కింద పడి నలుగుతున్నట్టుంది తల. హెడ్‌మిస్ట్రెస్ విక్టోరియాగారైతే హౌవెవర్ అంటుంది. ఆవిడ సెలవు ఇవ్వననేటప్పుడు మీ కష్టం నాకు తెలుసు అని ఒక వాక్యం పూర్తిగా ముగించి, ఫుల్‌స్టాప్ పెట్టి, కళ్లజోడు సర్దుకుని, హౌవెవర్ అని మొదలుపెడుతుంది. కుర్చీలో వెనక్కి వాలి చెప్పే మాట అది. కిటికీలోంచి ఒక మనిషి మొహంలోకి చూస్తూ చెప్పే మాట కాదు.

రామకోటి మొదటిసారి వచ్చినప్పుడు అరుగు ఎక్కకుండా వీధిలోనే నిలబడ్డాడు. కొల్లేటి లంక మనిషి, చేపలు పట్టేవాళ్ల సహకార సంఘంలో గుమాస్తా, నలభై దగ్గర పడ్డ వయసు, భార్య పోయింది, పిల్లల్లేరు. ఎస్సెల్సీ ఇంగ్లీషు దగ్గర రెండుసార్లు బోల్తాపడ్డాడు. అది దాటితే గూడెంలో పై ఉద్యోగం. "ముదురు బెండకాయనండి, నాకు చెప్పగలరాండీ?" అన్నాడు. ముదిరిపోయిన బెండకాయకి చదువు చెప్పడానికి సందేహించిందేగాని వెంకటనరసమ్మగారు చింతపండు ఒలుస్తూ అరుగు చివర కూర్చుంటానని హామీ ఇచ్చింది. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఆయనకి చచ్చినా అర్థం కానిది ఒక్కటే. ఆల్దో ఐ యామ్ ఓల్డ్, బట్ ఐ యామ్ లెర్నింగ్ అని రాసేవాడు. రెండింట్లో ఒకటి చాలు, ఆల్దో ఉంటే బట్ వద్దు అని ఎర్రసిరాతో కొట్టేసేది. మళ్లీ వారం మళ్లీ రెండూ. "వయసు ముదిరినా, కాని నేర్చుకుంటున్నాను అంటామా మనం?" అని ఒకరోజు విసుక్కుంటే, ఆయన బెంచీ మీద బెదురుగా కూర్చుని, "అనంగానండీ. అయినా భయమేస్తుందండి. ఒక్కటే పెడితే వాక్యం ఒరిగిపోతుందేమోనని. మా తాటిదోనెలు రెండేసి కలిపి కడతామండి, ఒంటిదైతే బోల్తా కొడుతుంది" అన్నాడు. దోనెల సంగతి దోనెలది, వ్యాకరణం సంగతి వ్యాకరణానిది అని గట్టిగానే అంది తను. వెంకటనరసమ్మగారు చింతపిక్కలు ఏరడం ఆపి మరీ నవ్వింది. పరీక్షలో ఆయన ఒక్కటే పెట్టి వచ్చాడట, పెట్టాక పదిసార్లు తిరిగి చూసుకున్నాడట.

భీమడోలు. చేపల బుట్టలు ఎక్కిస్తున్నారు కాబోలు, తడి, నాచు, ఊకలో పెట్టిన ఐసు వాసన డబ్బాలోకి వచ్చింది. వరమ్మగారు పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుంది. లక్ష్మీకాంతం పెట్టుకోలేదు. దక్షిణాన ఎక్కడో, కోసేసిన చేల మోళ్లకి అవతల, పిల్లిపెసర పచ్చదనానికి అవతల, కొల్లేరు ఉంటుంది. ఒక్కసారీ చూడలేదు తను. ఇంత దగ్గర పుట్టి, ఇంత దగ్గర ఉద్యోగం చేస్తూ, చూపిస్తాను పద అన్నవాళ్లు లేక చూడలేదు. పాఠాలయ్యాక ఆయనకి మజ్జిగ ఇచ్చేది. తాగి, గ్లాసు బావి దగ్గర తనే కడిగి, గోడ మీద బోర్లించి వెళ్లేవాడు. ఎవరూ చెప్పలేదు, ఆయనకి అది అలవాటు. వద్దని ఎవరూ అనలేదు కూడా. ఎన్నో ఆదివారాలు ఆ గ్లాసు గోడ మీద ఎండలో మెరుస్తూ ఉంటే తను చూసీ చూడనట్టు కూర్చుంది. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో, ఆయన లేవబోతుండగా ముందే లేచి ఎంగిలి గ్లాసు చేతిలోంచి తీసుకుంది. ఆయన చెప్పులేసుకోవడం మరిచిపోయి వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. వెంకటనరసమ్మగారు ఆ పూట నవ్వలేదు.

పేరు సంగతి ఇంకోటి. మీకు తెలిసినవారి గురించి ఐదు వాక్యాలు రాయండి అంటే, మై టీచర్స్ నేమ్ ఈజ్ లక్ష్మీకాంతం అని మొదలెట్టాడు. రాసి, నాలిక కరుచుకుని, "ఇంగ్లీషులో గారు ఎక్కడ పెట్టాలో తెలియలేదండీ, క్షమించాలి" అన్నాడు. పెట్టక్కర్లేదు అంది. ఆ వాక్యం మీద ఎర్రసిరా పెట్టలేదు. తన పేరు ఒట్టిగా, తోక లేకుండా, చూసుకుని ఎన్నాళ్లయిందో. బడిలో టీచరుగారు, వీధిలో పంతులమ్మగారు, అన్నయ్యకి చెల్లెమ్మ. అమ్మ పోయాక లక్ష్మీకాంతం అని పిలిచే నోరు ఈ భూమ్మీద లేదు. సెలవురోజు సాయంత్రాలు మరీ కష్టం. ఒక్క మనిషికి గిద్దెడు బియ్యం కడగడానికి ఎంతసేపు పడుతుంది, అన్నం ఉడికే చప్పుడు వింటూ కూర్చుంటే గోడకి అవతల వెంకటనరసమ్మగారి గురక మొదలవుతుంది. నిశ్శబ్దం భరించలేక వ్యాకరణం పుస్తకంలోని ఉదాహరణలు పైకి చదివేది. అతడు పేదవాడు, బట్ నిజాయితీపరుడు. వాన పడింది, యెట్ మేము వెళ్లాము. ఆ పుస్తకంలో మేము ఎవరో, వానలో ఎక్కడికి వెళ్లారో, వాళ్ల మీద అసూయగా ఉండేది. ఇది చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్లయినా ఉంటే బాగుండేది.

శారదా చట్టం వచ్చేస్తోంది, ఇంక చిన్నపిల్లలకి పెళ్లి చేస్తే జైలేనట అని ఆ ఏడాది ఊళ్లో పందిళ్లకి తాటాకు దొరకలేదు. తనకి ఎనిమిదేళ్లు. పెళ్లికొడుకుకి తలంబ్రాల బియ్యం కంట్లో పడి ఏడ్చాడు, వాళ్లమ్మ ఎత్తుకుని ఊదింది. అతని గురించి తెలిసింది అంతే. మూడు నాలుగేళ్లకి టైఫాయిడ్ అట, గచ్చకాయలాడుతుంటే వచ్చి గాజులు తీసేశారు. ఆడుతున్న ఆట తనే గెలవబోతోంది, అదే గుర్తుంది. ఆ కుర్రవాడి కోసం ఏడవాలని ఎన్నోసార్లు ప్రయత్నించింది. మొహమే తెలియని మనిషి కోసం ఎలా ఏడవడం. పెళ్లయింది బట్ భర్త లేడు. ఆల్దో పెళ్లయింది, ఎవరికీ ఏమీ కాదు. ఆల్దోలో ఉన్న గుణం అది. చెప్పదలుచుకోని నిజాన్ని ముందే ఒప్పేసుకుని, చాప కింద తోసి, మీద కూర్చోవచ్చు. ఆల్దో తిన్నాను, నేను ఒప్పుకున్నట్టు కాదు. ఎంత నీటుగా ఉంది! గ్రామరులో వంక పెట్టడానికి లేదు. చదివితే తనకే ఒళ్లు మండింది.

పూళ్ల దాటింది, కైకరం దాటింది. చేబ్రోలు దగ్గర పడుతుంటే ఒళ్లు దగ్గరకి తీసుకుని కూర్చుంది. ఇక్కడ దిగి కాలవగట్టు పట్టుకుని నడిస్తే ఉంగుటూరు అవతల అన్నయ్య ఊరు. జగ్గారావు చెడ్డవాడు కాదు. చదివించింది అన్నయ్యే, ఊరంతా కాకుల్లా పొడుస్తుంటే మద్రాసు పంపి మరీ చదివించాడు. నా చెల్లెలు బి.ఏ. అని సంతలో చెప్పుకుంటాడు. పండగకి వెళ్తే కొత్త చీర పెడతాడు, అందరికీ రంగు చీరలు కొని తనకి తెల్లది విడిగా కడతాడు. ఈ కబురు తెలిస్తే కోప్పడడు. గడప దగ్గర కండువా దులుపుకుని, "నీ ఇష్టమమ్మా" అని, ఇంకెప్పుడూ రమ్మనడు. బడి కమిటీవాళ్లు ఏమంటారో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. ఇవన్నీ ఒకవైపు. రెండోవైపు ఏముంది? అరుగు మీద బెంచీ మీద, మొన్న మాఘమాసం నుంచి ఎవరూ కూర్చోని ఖాళీ. ఆఖరి పాఠం రోజు, మీరు పేపర్లు దిద్దడానికి నిడదవోలు వెళ్తారు గదండీ, అప్పటికి సంఘం పనిమీద గూడెంలోనే ఉంటానండి, బండి ఆగినప్పుడు కనబడతానండి అని వెళ్లిపోయిన వీపు. చేబ్రోలులో బండి ఆగినంతసేపూ తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని తల దించుకుంది. తర్వాత సిగ్గేసి ఎత్తింది.

బాదంపూడి వచ్చేసరికి ఎందుకోగాని మనసు కుదుటపడింది. ఇంగ్లీషు ఎందుకసలు? ఎవరడిగారు ఇంగ్లీషులో చెప్పమని? బట్టూ వద్దు, ఆల్దో వద్దు. తెలియక తిన్నాను. తెలిసినా తినేదాన్నే. అంతే. చెప్పి చూసుకుంది, పెదవులు కదిపి. తెలిసినా తినేదాన్నే. వరమ్మగారు ఏమిటమ్మా అంది. ఏంలేదండీ అంది. భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది, ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వూ వస్తోంది. ఔటర్ సిగ్నలు దగ్గర బండి నిలిచిపోతే ఇంజను డ్రైవరుని తిట్టుకుంది. ముంజలమ్మే వాళ్ల కేకలు, ఎర్ర తలపాగా కూలీలు, చింతచెట్టు నీడ, ఇత్తడి గంట. తాడేపల్లిగూడెం.

ఆయన ముందు పెట్టెలన్నీ వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త చొక్కా, మెడ దగ్గర గంజి ఇంకా బిగుసుకునే ఉంది. ఆడవాళ్ల పెట్టె కాబట్టి కిటికీకి కాస్త దూరంగా నిలబడి నమస్కారం పెట్టాడు. ఆమె నోరు తెరిచింది. ఆయనే ముందు అందుకున్నాడు.

"మంగమ్మ చెప్పే ఉంటుందండి, దాని నోరు ఆగదు. మీరేం కంగారు పడకండి. మీకు మా ఆచారం తెలియదని నాకు తర్వాతగాని తట్టలేదండి, బుద్ధి తక్కువ. తెలియక తిన్నది లెక్కలోకి రాదని మా పెద్దలతో నేను చెప్పుకుంటానండి. మీ పేరుకి మచ్చ రాదు. అది చెప్పిపోదామనే వచ్చానండి."

ఒక్క గుక్కలో చెప్పాడు. రాత్రంతా వల్లె వేసుకుని ఉంటాడు, ఎక్కడా తడబడలేదు. ఆమె మాట నాలిక చివరే ఉంది. ఎదుటి మనిషి అంత మర్యాదగా తలుపు తీసి పట్టుకుని, వెళ్లండి, మీకు ఇబ్బంది లేదు అంటుంటే, లేదు నేను వెళ్లను అనడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు. అమ్మ నేర్పలేదు, మద్రాసు చదువు నేర్పలేదు. పెద్దలు మీకోసం ఆలోచించి ఒకటి చెబితే తల ఊపడమే నేర్పారు. తల ఊగింది.

"అలాగేనండీ," అంది.

ఆయన మొహంలో ఏదో దీపం తగ్గించినట్టయింది. "మంచిదండి," అన్నాడు. పోబోతూ ఆగి, "ఎండగా ఉందండి, మంచినీళ్లున్నాయాండీ?" అని అడిగి, ఆమె అందించిన మరచెంబు పుచ్చుకుని పంపు దగ్గరకి పరిగెత్తాడు. అక్కడ జనం. ఈల వేశారు. బండి కదిలింది. ఆమె కిటికీ అంచు పట్టుకుని చూస్తూనే ఉంది. ఆయన చెంబుతో పరిగెత్తుకొచ్చి, కదిలే కిటికీలోకి అందించి, కొత్త చొక్కా నిండా నీళ్లు ఒలకబోసుకుని, ఇంకో నాలుగడుగులు పక్కనే పరిగెత్తి, ఆగిపోయాడు. ప్లాట్‌ఫారం చివరికంటా కనబడ్డాడు. తర్వాత గేటు, తర్వాత కాలవ, తర్వాత చేలు.

చెంబు చల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది, గుక్కయినా తాగలేదు. ఏడుపు ఇప్పుడు వచ్చింది, పన్నెండేళ్లప్పుడు రానిది, అడ్డూ ఆపూ లేకుండా. పరాయివాళ్ల ముందు ఇలా ఏడవడం తప్పు అనుకుంటూనే ఏడ్చింది.

వరమ్మగారు ఊరుకోలేక, "ఆయన మీకేమవుతారండీ?" అంది.

"నన్ను చేసుకుంటానన్న మనిషండీ," అంది లక్ష్మీకాంతం.

పెద్దావిడ ఆమె బోసి నుదుటి వంక చూసింది. కిటికీలోంచి వెనక్కి చూసింది. ఈసారి అండీ లేకుండా, కూతుర్ని అడిగినట్టు అడిగింది.

"మరి దిగలేదేంటమ్మా?"

లక్ష్మీకాంతం కొంగుతో మొహం తుడుచుకుంది. "తర్వాతి స్టేషనులో దిగితే వెనక్కి బండి ఎప్పుడుంటుందండీ?"

"సాయంత్రం దాకా లేదనుకుంటాను తల్లీ. గూడేనికి బస్సూ ఉండదు. మండిపోతోంది ఎండ. రైలు కట్టంట నడవడం తప్పితే..."

"నడుస్తానండీ," అంది లక్ష్మీకాంతం, పైనున్న సంచీ దించుకుంటూ.